పదహారు చుక్కల్లో పాత కంప్యూటర్

బొమ్మల గురించి రేడియోలో మాట్లాడటం మొండిపనే. అయినా ఇవాళ్టి విషయం బొమ్మే. అదీ చిటికెన వేలి గోరులో సగం కూడా లేని బొమ్మ. కంప్యూటర్ తెర అడుగున వరుసగా గుర్తులు కనిపిస్తాయి కదా, ఐకాన్లు అంటాం. అలాంటిదొకటి గీయడానికి ముందు ఏమేం తేల్చుకోవాలో చెబుతాను. ఉదాహరణకి ఒక ఎమ్యులేటర్ ఐకాన్ తీసుకుందాం. ఎమ్యులేటర్ అంటే పాత కంప్యూటర్ని కొత్త కంప్యూటర్లో నడిపించే ప్రోగ్రాం. పాత ప్రాసెసరు ఒక్కో ఆదేశానికి ఏం చేసేదో, తెర మీద ఏ చుక్క ఎప్పుడు వెలిగేదో లెక్కగట్టి అచ్చంగా అదే చేస్తుంది. మనం ఎంచుకున్న పాత కంప్యూటర్ పేరు బీబీసీ మైక్రో.

ఈ పేరు వినగానే యాభై దాటినవాళ్ళలో కొందరు రేడియో సౌండు కాస్త పెంచి ఉంటారు. 1984-85లో కేంద్రప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద బడుల్లో కంప్యూటర్లు పెట్టింది. తొలి విడతలో దేశం మొత్తానికి 250 బడులు. వాటికి చేరిన యంత్రం ఇదే. ఇంగ్లండులో, కేంబ్రిడ్జిలోని ఎకార్న్ కంపెనీ దీన్ని తయారుచేసింది. బీబీసీ తన టీవీ పాఠాల కోసం పేరిచ్చి 1981 డిసెంబరులో బయటికి తెచ్చింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్ళు లైసెన్సు తీసుకుని 'యూనికార్న్' అనే పేరుతో ఇక్కడా చేశారు. చెప్పులు బయట విడిచి, తాళం తీసే మాస్టారి కోసం వరండాలో నిలబడి, యంత్రానికి నలుగురైదుగురు చొప్పున కూర్చున్న రోజులవి. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇప్పుడు మీ ఫోన్లో ఒక్క ఫొటోకి అది చాలదు.

ఈ యంత్రానికి ఎమ్యులేటర్లు 1990ల నుంచే ఉన్నాయి. బ్రౌజర్లో నడిచేవి కూడా వచ్చాయి. మనం కొత్తగా ఒకటి రాశామనుకోండి. విండోస్, మాక్, లినక్స్, ఆండ్రాయిడ్, అన్నింటి మీదా నడుస్తుంది. ప్రోగ్రాం పూర్తయింది. ఇక ఐకాన్ పెట్టాలి. రాసినవాళ్ళు ఈ పని చివరి రోజు సాయంత్రానికి వదిలేస్తారు, ఎవరో ఒకరు ఇంటర్నెట్లో దొరికిన ఫొటోని కుదించి అంటించేస్తారు. వాడేవాడు రోజూ చూసేది దాన్నే అని అప్పుడు ఎవరికీ తట్టదు.

ఏం గీయాలి? మొదట అందరికీ తోచేది యంత్రం మొత్తాన్ని గీసేయడం. మీగడ రంగు పెట్టె, దాని ముందు భాగాన డెబ్బైకి పైగా మీటలున్న కీబోర్డు. పెద్ద బొమ్మలో బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్నే 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉన్న చదరంలోకి తెస్తే బూడిద రంగు మరక మిగులుతుంది. నేను చుక్క అంటున్నది పిక్సెల్‌ని. విండోస్‌లో ఫైళ్ళ జాబితా తెరిచినా, బ్రౌజర్ ట్యాబు పైభాగాన చూసినా ఐకాన్‌కి దక్కే చోటు ఆ 16 చుక్కలే.

పోనీ, యంత్రం పేరుపట్టీ మీద చుక్కలతో కట్టిన గుడ్లగూబ ఉండేది, దాన్ని పెడదామా? మనకి గుడ్లగూబ అపశకునమేమో గానీ అక్కడ చదువుకి గుర్తు. చాలా అందమైన బొమ్మ కూడా. కానీ అది బీబీసీ సొత్తు. బీబీసీ అనే మూడక్షరాలూ అంతే. మన ప్రోగ్రాం ఆ సంస్థది కాదు కాబట్టి వాళ్ళ ముద్ర వేసుకుని తిరిగే హక్కు మనకి లేదు. ఉచితంగా పంచే ప్రోగ్రాం కదా, ఎవరడుగుతారు అనేవాళ్ళుంటారు. ఎవరూ అడక్కపోయినా, చూసేవాళ్ళు ఇది బీబీసీ వాళ్ళే చేశారని పొరబడతారు, నాకు అదే ఇబ్బంది.

ఇంకో దారి తెర. యంత్రం ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కె' అని తెల్లక్షరాలు, కింద బేసిక్ భాష పేరు, దాని కింద లెక్కల్లో 'కంటె పెద్దది' అని చూపే గుర్తు వచ్చేవి. ఆ గుర్తు పక్కన మెరిసే గీత ముందు పిల్లలు ఎంతసేపు కూర్చున్నారో! అయితే నల్లటి చదరంలో ఆ గుర్తు పెడితే ఇవాళ ప్రతివాడికీ ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ ప్రోగ్రామే గుర్తొస్తుంది. విండోస్‌కీ, మాక్‌కీ, లినక్స్‌కీ దాదాపు అదే బొమ్మ ఇప్పటికే ఉంది. ఇది కూడా వదిలేద్దాం.

మిగిలింది ఎర్రమీటలు. కీబోర్డు పై వరుసలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది ఫంక్షన్ మీటలుండేవి. మిగతా మీటలు దాదాపు అన్నీ నలుపు, ఇవి మాత్రం నారింజ వైపు మొగ్గే ఎరుపు. వాటి పైన ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. ఏ మీట ఏం చేస్తుందో కాగితం ముక్క మీద రాసి దాని కింద దోపుకోవచ్చు. వాడినవాణ్ణి నలభయ్యేళ్ళ తరవాత అడిగినా యంత్రం పేరుకంటే ముందు ఈ ఎర్రవరుసే చెబుతాడని నా నమ్మకం. మీగడ రంగు అంచు, లోపల నలుపు, నలుపు పైభాగాన ఎర్రవరుస. మన ఐకాన్ ఇదే.

ఎంత వదిలేసినా వస్తువు వస్తువులాగే కనబడాలి. ఈ విద్య మన ఎన్నికల సంఘానికి బాగా తెలుసు. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే, అక్షరం రానివాళ్ళు కూడా పోల్చుకోగలిగే గుర్తులు కావాల్సొచ్చాయి. లాంతరు, గొడుగు, దువ్వెన ఇలా నల్లగీతల్లో బ్యాలట్ మీద కనిపించే గుర్తుల్లో చాలావాటిని ఎం.ఎస్. సేథీ అనే ఉద్యోగి పెన్సిలుతో గీశారు. ఆయన 1992లో రిటైరయ్యారు. గుర్తులు దగ్గర పోలికల్లో పడితే ఏమవుతుందో 2022 మునుగోడు ఉపఎన్నికలో చూశాం. రోడ్డు రోలరు లాంటి గుర్తులు తమ కారు గుర్తులాగే కనిపిస్తున్నాయని టీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది. నిజం కారునీ, నిజం రోడ్డు రోలరునీ పక్కపక్కన నిలబెడితే పసిపిల్లాడు కూడా పొరబడడు. అంగుళం లేని చోట, రంగు లేకుండా, నాలుగు గీతల్లోకి దింపేసరికి రెండూ చక్రాల మీద ఒక దిమ్మెలా తయారవుతాయి. ఐకాన్ గీసేవాడు తెర అడుగున పక్కనుండే పది ఐకాన్లనీ చూసుకుని గీయాలి. తన బొమ్మ ఒక్కదాన్నే తెల్లకాగితం మీద పెట్టి మురిసిపోతే లాభం లేదు.

ఇప్పుడు దగ్గర్లో గళ్ళనోటు పుస్తకం ఉంటే తీసుకోండి. పదహారు గళ్ళు అడ్డంగా, పదహారు నిలువుగా ఒక చదరం గీయండి. పైనుంచి అయిదు వరుసలు మీగడ రంగు. అడుగున ఒక వరుస, ఎడమన ఒక నిలువు వరుస, కుడిన ఒకటి, అవీ మీగడ రంగే. మధ్యలో మిగిలింది 14 గళ్ళ వెడల్పు, 10 గళ్ళ ఎత్తు. అది నలుపు. ఆ నలుపులో పై రెండు వరుసల్లో ఎర్రమీటలు రావాలి. పది మీటలు, వాటి మధ్య తొమ్మిది ఖాళీలు, ఒక్కోదానికి ఒక్క గడి ఇచ్చినా 19 అవుతాయి. మనకున్నవి 14. పట్టవు.

ఏం చేస్తాం? మీటకి రెండు గళ్ళ చొప్పున అయిదు మీటలు, మధ్య నాలుగు ఖాళీలు. పదీ నాలుగూ పద్నాలుగు. సరిగ్గా సరిపోయింది. పది మీటల యంత్రానికి అయిదు మీటలు గీయడం అబద్ధం కాదా అని పాతకాలపు అభిమాని ఒకడు తప్పక అడుగుతాడు. ఆ కొలతలో ఎవరూ లెక్కపెట్టరు. ఎర్రగా, విడివిడిగా, వరుసలో ఉన్నాయా లేదా అన్నదొక్కటే కంటికి ఆనుతుంది. 32 చుక్కల చదరంలో మాత్రం పదీ పెట్టి తీరాలి, ఎందుకంటే పడతాయి. అంచులకి రెండు పోగా 30 చుక్కలు. పది మీటలకి ఇరవై, ఖాళీలకి తొమ్మిది, మొత్తం 29. మిగిలిన ఒక్క చుక్కని కుడివైపు వదిలేయండి, అసలు యంత్రంలో అక్కడ బ్రేక్ మీట ఉంటుంది. 48కి వెళితే మీటకి మూడు చుక్కలు ఇవ్వగా ఆ బ్రేక్ మీటకి కూడా చోటు దొరుకుతుంది.

చూశారా, పెద్ద బొమ్మని కుదించుకుంటూ రాకుండా చిన్నదాని నుంచి పైకి వెళ్ళాం. ఈ వరస నేను గట్టిగా పట్టుకుంటాను. చిన్నదాంట్లో నిలబడని ఆలోచన పెద్దదాంట్లో ఎంత సింగారించినా దండగే.

గళ్ళకాగితం అన్నాను కాబట్టి ఒక మాట. 1984 నాటి యాపిల్ మాకింటాష్‌కి సూసన్ కేర్ ఐకాన్లు గీసింది కూడా గళ్ళకాగితం మీదే, 32 గళ్ళ చదరాల్లో, నలుపూ తెలుపూ మాత్రమే. బీబీసీ మైక్రో ముందు కూర్చున్న పిల్లలకి అంతకంటే చిన్న చదరం దొరికింది, ఎనిమిది గళ్ళది. ఆ యంత్రంలో సొంత అక్షరం తయారుచేసుకోవడానికి 'వీడీయూ 23' అనే ఆదేశం ఉండేది. ప్రతి అడ్డవరుసలో గళ్ళకి ఎడమనుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. నింపిన గళ్ళ విలువలు కూడితే ఆ వరుస సంఖ్య వస్తుంది. పైకి చూపే బాణం కావాలనుకోండి. మొదటి వరుసలో నడిమి రెండు గళ్ళు, 16, 8, కలిపి 24. రెండో వరుసలో నాలుగు గళ్ళు, 60. మూడోది 126. నాలుగోది నిండు వరుస, 255. ఆపైన నాలుగు వరుసలూ మళ్ళీ 24. ముందు 'మోడ్ 4' అని కొట్టి, వీడీయూ 23 తరవాత 224 అనే అక్షర సంఖ్య, దాని వెనకే ఈ ఎనిమిది అంకెలు ఇచ్చి, ఆ తరవాత 'వీడీయూ 224' అంటే తెర మీద బాణం ప్రత్యక్షమయ్యేది. మోడ్ 4 ఎందుకంటే, యంత్రం లేవగానే ఉండే మోడ్ 7లో అక్షరాలు టెలిటెక్స్ట్ చిప్పులోంచి వస్తాయి, వాటిని మార్చడానికి వీల్లేదు. మా మాస్టారు నేర్పలేదే అంటారా, చాలా బడుల్లో మాన్యువల్ బీరువాలోనే ఉండిపోయింది లెండి.

ఇక అసలు చిక్కు. 16 చుక్కల బొమ్మని రెట్టింపు చేస్తే 32, మూడింతలు చేస్తే 48, పదహారింతలు చేస్తే 256. వీటిలో చుక్క చుక్కగానే ఉంటుంది. కానీ తెర అమరికని 125 శాతానికి పెట్టుకున్నవాడి విండోస్ 20 చుక్కల బొమ్మ అడుగుతుంది. 150 శాతం పెట్టుకుంటే 24. లినక్స్‌లో 22, 24 రెండూ వాడకంలో ఉన్నాయి. పదహారుని ఇరవై చెయ్యడమంటే ప్రతి నాలుగు చుక్కలనీ అయిదు చోట్లలో సర్దడం. అయిదో చోట పక్క చుక్కనే మళ్ళీ వేస్తే ఒక మీట లావుగా, ఒకటి సన్నగా వస్తుంది. రంగులు కలిపేస్తే ఎరుపూ నలుపూ కలిసి ఇటికపొడి రంగు అలుక్కుంటుంది. అందుకని 20కి విడిగా గీయాల్సిందే. అంచులు పోగా 18లో ఆరు మీటలు, అయిదు ఖాళీలు, 17. ఇరవైనాలుగుకి ఏడు మీటలు. ఇది విసుగు పనే. కానీ మహా అయితే ఒక పూట పని.

పాత కంప్యూటర్ అనగానే ఐకాన్ని కూడా కావాలని గళ్ళుగళ్ళుగా, మోటుగా గీసే అలవాటొకటి ఉంది. 1024 చుక్కల బొమ్మలో కూడా 16 పెద్ద గళ్ళు కనబడేలా పెడతారు. నాకది నచ్చదు. బీబీసీ మైక్రో పెట్టె నున్నటి ప్లాస్టిక్, దాని మీద గళ్ళు లేవు. గళ్ళుండేవి తెర మీద. పైగా ఆ గళ్ళు కూడా అన్నివేళలా చదరాలు కావు. ఎక్కువ రంగులుండే మోడ్ 2లో అడ్డంగా 160, నిలువుగా 256 చుక్కలు, అంటే ఒక్కో చుక్క ఎత్తుకంటే వెడల్పు దాదాపు రెట్టింపు. తెర రంగులూ అంతే. నలుపు, ఎరుపు, పచ్చ, పసుపు, నీలం, మెజెంటా, సయన్, తెలుపు, ఈ ఎనిమిదీ ఏ కల్తీ లేని ముదురు రంగులు. ఆ తెర ఎరుపునే తెచ్చి మీటలకి వేస్తే కంట్లో పొడుచుకుంటుంది, మీట రంగూ రాదు. పెద్ద కొలతల్లో మీటల పైన పారదర్శక పట్టీ గీయండి, దాని కింద చేతిరాత కాగితం ముక్క గీయండి. 512 దాటాక అలాంటి ముచ్చట్లకి చోటుంటుంది.

మన మూడు రంగుల వల్ల ఇంకో మేలు దానంతటదే జరిగింది. కొందరి తెర అడుగు పట్టీ తెల్లగా, కొందరిది నల్లగా ఉంటుంది. తెల్లదాని మీద మీగడ అంచు కలిసిపోయినా లోపలి నలుపు నిలబడుతుంది. నల్లదాని మీద నలుపు కలిసిపోయినా అంచు దాన్ని పట్టి చూపిస్తుంది. ఎరుపు రెండు చోట్లా పలుకుతుంది.

మాక్ వాళ్ళతో పేచీ లేదు. 2020లో బిగ్ సర్ అనే మాక్ వెర్షన్ వచ్చినప్పటినుంచీ అక్కడి ఐకాన్లకి మూలలు గుండ్రంగా తిరిగిన చదరమే పద్ధతి. 1024 చుక్కల బొమ్మలో 824 చుక్కల చదరం, చుట్టూ ఖాళీ. 2025లో వచ్చిన తహో వెర్షన్ అయితే ఆ ఆకారంలో లేని బొమ్మల్ని తనే ఒక బూడిదరంగు పెట్టెలో కూర్చోబెడుతోంది. మన మీగడ పెట్టె మూలలు తిప్పితే సరిపోతుంది. లినక్స్ అడిగేది ఇంకా తక్కువ. హైకలర్ అనే ఫోల్డరులో 48 చుక్కల బొమ్మ ఒకటి తప్పనిసరిగా పెట్టమంటారు, గీతల రూపంలో ఉండే ఎస్‌వీజీ కూడా ఇస్తే సంతోషిస్తారు.

ఆండ్రాయిడ్ అలా వదలదు. 2017 నాటి ఎనిమిదో ఆండ్రాయిడ్ నుంచీ ఐకాన్ని వెనకపొర, ముందుపొర అని రెండుగా ఇవ్వాలి. ఒక్కో పొర 108 యూనిట్ల చదరం. కనిపించేది నడిమి 72 మాత్రమే, దాన్ని కూడా ఒక ఫోన్ కంపెనీ గుండ్రంగా కోస్తుంది, ఇంకోటి చదరంగా కోస్తుంది. ఎలా కోసినా తెగకూడదంటే ముఖ్యమైనదంతా 66 వ్యాసం ఉన్న వృత్తంలో ఉండాలి. మన ఎర్రవరుస కీబోర్డు పై అంచున ఉంది, రెండు చివర్లూ మూలల దగ్గర. గుండ్రంగా కోస్తే ముందు పోయేవి అవే. కాబట్టి వెనకపొరంతా మీగడ రంగు వేసి, ముందుపొరలో కీబోర్డుని 54 వెడల్పు, 36 ఎత్తుకి తగ్గించాలి. మూలనుంచి మూలకి కొలిస్తే 65కి కాస్త తక్కువ, 66లో ఇమిడిపోతుంది. తరవాత 2022లో పదమూడో ఆండ్రాయిడ్ మరో మెలిక పెట్టింది. వాడేవాడు కోరితే ఐకాన్లన్నీ ఒకే రంగులోకి మారిపోతాయి, దానికోసం ఒంటిరంగు బొమ్మ విడిగా ఇవ్వాలి. ఎరుపు పోయింది! బ్యాలట్ కాగితం పరిస్థితే ఇది. అప్పుడు పై వరుసని మిగతా కీబోర్డు నుంచి ఒక గీత మందాన విడదీసి, కింద మీటలన్నీ ఒకే దిమ్మెగా ఉంచి, పై పదింటినే విడివిడిగా చూపాలి. రంగు చేసే పని ఖాళీ చేత చేయించాలి.

ప్రోగ్రాం ఐకాన్‌తో పని అయిపోదు. ఈ ఎమ్యులేటర్ తెరిచే ఫైళ్ళకీ గుర్తులు కావాలి. పాత డిస్కుల నకళ్ళు ఎస్ఎస్‌డీ, డీఎస్‌డీ అని ఉంటాయి, క్యాసెట్ల నకళ్ళు యూఈఎఫ్ అని. డిస్కు అనగానే చాలామంది 'సేవ్' బటన్ మీద కనిపించే డిస్కు గీసేస్తారు. అది మూడున్నర అంగుళాలది, గట్టి ప్లాస్టిక్‌ది, జరిగే రేకు తలుపుది. బడుల్లో ఈ యంత్రంతో తిరిగినవి అయిదుంపావు అంగుళాల మెత్తటి డిస్కులు. నల్లటి చదరం, నడుమ గుండ్రటి పెద్ద చిల్లు, దాని కింద పొడుగ్గా ఒక కంత. 16 చుక్కల్లో గీయడానికి ఇంత అనువైన వస్తువు ఇంకోటి దొరకదు. క్యాసెట్ అయితే అడ్డంగా పట్టీ, రెండు చక్రాలు. మన పాతపాటల ఇళ్ళలో అది తెలియనివాళ్ళు లేరు. రెండింటికీ పైభాగాన అదే ఎర్రగీత వేస్తే ఒకే ఇంటివని తెలిసిపోతుంది.

ఈ పథకం అంతా తలకిందులయ్యే చోటు ఒకటుంది. ఎకార్న్ వాళ్ళే 1986లో మాస్టర్ అనే యంత్రం తెచ్చారు, దానికీ పైన ఫంక్షన్ మీటల వరుస ఉంది, ఇబ్బంది లేదు. కానీ 1983లో చవకగా ఇళ్ళకోసం చేసిన ఎలక్ట్రాన్‌కి విడిగా ఫంక్షన్ మీటలే లేవు. అంకెల మీటలతోనే ఆ పని జరిగేది. మన ఎమ్యులేటర్ రేపు ఎలక్ట్రాన్ని కూడా నడిపితే ఈ ఎర్రవరుస దానికి చెల్లదు. కమొడోర్ యంత్రాల ఎమ్యులేటర్ వైస్‌లో ఒక్కో యంత్రానికి ఒక్కో ప్రోగ్రాం విడిగా ఉంటుంది కాబట్టి ఒక్కోదానికి వేరే బొమ్మ పెట్టుకోవచ్చు. మనది ఒకే ప్రోగ్రాం. నా మటుకు నేను ఎర్రవరుసనే ఉంచి, ఎలక్ట్రాన్ బొమ్మని లోపల యంత్రం ఎంచుకునే మెనూలో పెడతాను. ఇంగ్లండులో ఎలక్ట్రాన్ మీద పెరిగినవాళ్ళు ఒప్పుకోరని తెలుసు. వాళ్ళ వాదన వినడానికి సిద్ధమే, పదహారు చుక్కల్లో గీసి తీసుకొస్తే.